చిత్తూరు భారతం, వాషింగ్టన్ గ్రంథాలయం: నా ఫెలోషిప్ అనుభవం

తెలుగో, చరిత్రో, జానపదమో చదివి పిహెచ్‌డి చేసినవాళ్ళు విదేశీ ఫెలోషిప్ మాట ఎత్తితే చాలు, "అవన్నీ సైన్సు వాళ్ళకు లేమ్మా" అనేస్తారు. తిరుపతిలో చదువుకున్నన్నాళ్ళూ నేనూ ఆ మాటే విన్నాను. కానీ కేవలం హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ వాళ్ళ కోసమే పెద్ద పెద్ద గ్రంథాలయాలు ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. ఏ దేశం వాళ్ళయినా పెట్టుకోవచ్చు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇచ్చే క్లూగీ ఫెలోషిప్ అలాంటిదే. అది నాకు వచ్చింది. చిత్తూరు జిల్లా పల్లెల్లో జరిగే భారతం మీద పనిచేసే మనిషికి అది ఎలా వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ కొంచెం కొంచెం చెప్పేకంటే ఒకచోట వివరంగా రాస్తే మన పిల్లలకు పనికొస్తుంది.

ముందు నా విషయం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా వైపు భారతం అంటే ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజులు జరిగే తిరునాళ్ళు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. బకాసుర వధ రోజు భీముడు బండెక్కి అన్నం, పిండివంటలతో ఊరంతా తిరుగుతాడు. అర్జున తపస్సు రోజు వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపసు మాను ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు, ఆయన పైనుంచి విసిరే ప్రసాదం కోసం. చివరి రోజు భారత మిట్ట మీద మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ దగ్గర వధ, సాయంత్రం నిప్పుల గుండం. మా మేనమామ చాలా ఏళ్ళు భీముడి వేషం కట్టాడు.

నేను పట్టుకున్నది ఈ తిరునాళ్ళ చుట్టూ అచ్చయిన కాగితాలను. ప్రతి ఏడూ ఒక నోటీసు వేస్తారు. గులాబీ రంగో పసుపు రంగో పల్చటి కాగితం, పైన ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి బొమ్మ. కింద ఏ రోజు ఏ కథ, హరికథ చెప్పేదెవరు, నాటకం జట్టు ఏ ఊరిది, ఆ రోజు ఉత్సవం ఖర్చు పెట్టుకునే ఉభయదారులెవరు. అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు. ఒకే ఊరి నోటీసులు ఏళ్ళవారీగా నేలమీద వరసగా పరిచి చూడండి. ఉభయదారుల పేర్లు మారుతుంటాయి. మొదట రెడ్ల పేర్లు, కరణాల పేర్లు, తరవాత మండీ వ్యాపారులు, బెల్లం వ్యాపారులు, ఆ తరవాత బెంగళూరులో స్థిరపడ్డ ఊరివాళ్ళు. ఊళ్ళో డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో ఆ కాగితాలే చెబుతాయి. వీటితోపాటు ఆటగాళ్ళు వాడిన చౌక నాటకం పుస్తకాలు, హరికథల పుస్తకాలు కూడా నా పనిలో భాగం. తమిళనాడు వైపు ద్రౌపది ఆరాధన మీద ఇంగ్లీషులో పెద్ద పరిశోధనలే వచ్చాయి. తెలుగు గడ్డ మీద జరిగే భారతానికి అంత శ్రద్ధ దక్కలేదు. ఈ మాట నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ఇక ఫెలోషిప్ సంగతి. జాన్ క్లూగీ అనే వ్యాపారవేత్త 6 కోట్ల డాలర్లు విరాళమిస్తే 2000లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆయన పేరుతో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. పిహెచ్‌డి లాంటి చివరి డిగ్రీ వచ్చి ఏడేళ్ళు దాటనివాళ్ళు అర్హులు. నాలుగు నెలల నుంచి పదకొండు నెలల దాకా అక్కడే ఉండి పనిచేయాలి. నేను పెట్టినప్పుడు నెలకు 5,000 డాలర్ల స్టైపెండ్, దరఖాస్తుకు గడువు సెప్టెంబరు 15. క్లాసులు ఉండవు, పరీక్షలు ఉండవు. అక్కడి సేకరణల్లో కూర్చుని మన పని మనం చేసుకోవడమే. అందుకే దరఖాస్తులో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఒకటుంటుంది: ఈ పని మా గ్రంథాలయంలోనే ఎందుకు చేయాలి?

చిత్తూరు భారతానికి వాషింగ్టన్‌లో ఏం పని? మా ఇంట్లోవాళ్ళూ అడిగారు, మా గైడు మేడమ్ కూడా అడిగారు. జవాబు కోసం గోధుమల దగ్గరికి వెళ్ళాలి. 1954లో అమెరికా పబ్లిక్ లా 480 అనే చట్టం చేసింది. దాని కింద మన దేశం గోధుమలు కొనుక్కుని, డబ్బు రూపాయల్లోనే కట్టింది. ఆ రూపాయలు ఇండియాలోనే ఖర్చు కావాలి. వాటిలో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు ద్వారా మన భాషలన్నిటిలో పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. తన కోసమే కాదు, పథకంలో చేరిన అమెరికా విశ్వవిద్యాలయాల కోసం కూడా అదనపు ప్రతులు కొన్నది. పెద్ద ప్రచురణకర్తల పుస్తకాలతోపాటు చిన్న ఊళ్ళ ప్రెస్సుల్లో అచ్చయినవీ వెళ్ళాయి. ఆ ఢిల్లీ ఆఫీసు ఇప్పటికీ పుస్తకాలు కొంటూనే ఉంది. అచ్చయిన పుస్తకం కొన్ని పెద్ద గ్రంథాలయాలకు తప్పకుండా పంపాలని మనకూ 1954లోనే చట్టం వచ్చింది. అయినా చిన్న ప్రెస్సుల వాళ్ళలో పంపనివాళ్ళు చాలామంది. దాంతో చిత్తూరులో అచ్చయి, చిత్తూరులో ఎవరి దగ్గరా మిగలని పుస్తకం వాషింగ్టన్‌లో భద్రంగా ఉండే పరిస్థితి వచ్చింది.

ఈ మాట ఊరికే చెబితే ఎవరూ ఒప్పుకోరు, చూపించాలి. తిరుపతిలో మా అద్దె గదిలో కూర్చుని ఆ లైబ్రరీ కేటలాగు వెతకడం మొదలుపెట్టాను. ప్రచురణ స్థలం దగ్గర చిత్తూరు అని మనం బోర్డుల మీద రాసుకునే ఇంగ్లీషు స్పెల్లింగు కొడితే వచ్చేవి కొన్నే. ఆ లైబ్రరీ తెలుగు పేర్లను రోమన్ లిపిలో రాయడానికి ఒక పద్ధతి పాటిస్తుంది. అందులో 'చ' అంటే సి అక్షరం ఒక్కటే, పక్కన హెచ్ రాదు. దీర్ఘాన్ని ఓ రెండుసార్లు వేసి చూపరు, అక్షరం మీద అడ్డగీత గీస్తారు. సి, ఐ, రెండు టీలు, యు, ఆర్, యు అని కొట్టేసరికి జాబితా పెరిగింది. గీతలూ చుక్కలూ మనం కొట్టకపోయినా కేటలాగు పట్టుకుంటుంది. ఆ తరవాత పుత్తూరు, నగరి, తిరుపతి, మదనపల్లె, శ్రీకాళహస్తి, ఇలా ఊరూరా వెతికాను. నాటకాలు, హరికథలు, స్థలపురాణాలు, జిల్లా రచయితల సంచికలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ప్రతిదానికీ కాల్ నంబరు, అంటే లైబ్రరీలో ఆ పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, రాసుకుని, పక్కనే ఇంకో గడిలో 'తిరుపతిలో ఉందా, చెన్నైలో ఉందా, ఎక్కడా లేదా' అని రాసుకున్నాను. దరఖాస్తుకు ప్రాణం ఆ గడే.

ఆ గడి నింపడానికి ఊళ్ళు తిరగక తప్పలేదు. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీ నాకు అలవాటైన చోటే. ఆ ఆవరణలోనే ఉన్న ప్రాచ్య పరిశోధన సంస్థను 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం మొదలుపెట్టింది, తరవాత యూనివర్సిటీకి అప్పగించారు. తాళపత్రాల కోసం దేశమంతటి నుంచీ అక్కడికి వస్తారు. అచ్చు కంటే ముందు యక్షగానాలు ఎలా ఉండేవో అర్థం చేసుకోవడానికి అక్కడ కూర్చున్నాను. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలవారీగా జాతరలు, ఉత్సవాల మీద ప్రత్యేక సంపుటాలు వేశారు. చిత్తూరు సంపుటం నాకు పెద్ద ఆధారం. ఏ ఊళ్ళో ఏ దేవతకు, ఎప్పుడు, ఎన్ని రోజులు ఉత్సవమో ఊరి పేరుతో సహా అందులో ఉంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం చాలావరకు ఉత్తర ఆర్కాటు, దానికి చిత్తూరే కేంద్రం. అందుకని పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌కూ వెళ్ళాలి.

అయితే నా ప్రతిపాదనకు బలం ఇచ్చింది ఏ లైబ్రరీ కాదు, చిత్తూరులో మూసేసిన ఒక ప్రెస్సు. ఫ్లెక్సులు వచ్చాక అక్కడ పని ఆగిపోయింది. ట్రెడిల్ మిషను మీద గోనెపట్టా కప్పి ఉంది, సీసం అక్షరాలు కిలోల లెక్కన అమ్మేశారు. ఓనరు పెద్దాయన ఎనభై దాటినవాడు. నేను వచ్చిన పని చెబితే కాసేపు ఆలోచించాడు.

"ఏం పాపా, మనం దాచుకోని పుస్తకాలు అమెరికావాళ్ళు దాచిపెట్టినారా?"

"అవును తాతా. మీ ప్రెస్సు పేరుతో ఉండేవి కూడా ఉండాయి."

"అయితే మా కాడ ఉండేది గూడా చూడు" అని అటక మీద నుంచి ఆర్డరు పుస్తకాలు దించాడు. నీలం సిరా, పొడుగు గీతల పుస్తకం. 'భారతం నోటీసు, గులాబీ కాగితం, వెయ్యి, అడ్వాన్సు ముట్టినది' అని ఊరి పేరుతో ఒక వరస. కింద ఇంకో వరసలో నాటకం పుస్తకం, అయిదు వందల ప్రతులు, అట్ట పసుపు. వేయించుకున్నది వీధినాటకం జట్టు పెద్ద. డబ్బు మూడు విడతలుగా కట్టాడు, చివరి విడత తిరునాళ్ళయిన తరవాత. పుస్తకం వేయించుకోవడానికి జట్టు ఎలా అప్పు చేసిందో, ఆటలో వచ్చిన డబ్బుతో ఎలా తీర్చిందో ఆ మూడు తేదీల్లో ఉంది. ఆ పేజీ ఫొటో తీసుకుంటుంటే నాకు చేతులు వణికాయి. వాషింగ్టన్‌లో పుస్తకం, చిత్తూరులో దాని లెక్క. రెండూ కలిపి చదివే అవకాశం నాకుంది కాబట్టి అక్కడికి వెళ్ళాలి. జవాబు దొరికింది.

ప్రతిపాదన రెండు మూడు పేజీలకు మించకూడదు. అంతకంటే ముందు మొత్తం పనిని ఒక్క పేరాలో చెప్పాలి. పేజీల కంటే పేరాతోనే ఎక్కువ తంటా. "ద్రౌపది ఎవరో తెలియనివాళ్ళు కూడా ఇది చదువుతారు. మొదటి రెండు వాక్యాల్లో నీ ప్రశ్న వాళ్ళకు అర్థం కావాలి, మూడో వాక్యంలో వాళ్ళ లైబ్రరీ రావాలి" అన్నారు మేడమ్. ఈ సలహా నేను అందరికీ చెబుతాను. మన థీసిస్సుల్లో విషయానికి రాకముందే సంస్కృతి ప్రాశస్త్యం మీద నాలుగు పేజీలు రాసే అలవాటుంది. ఇక్కడ దానికి చోటు లేదు. నా పేరా చివరికి ఇలా కుదిరింది: దక్షిణ ఆంధ్రలో మహాభారతం పల్లెల్లో ఆటగా బతికింది, ఆ ఆట అచ్చులోకి వచ్చినప్పుడు ఖర్చు ఎవరు పెట్టారు, కథలో ఏం మారింది అన్నది నా ప్రశ్న, అందుకు కావలసిన 1960ల తరవాతి చిన్న ప్రెస్సుల పుస్తకాలు ఇక్కడ కాల్ నంబర్లతో సహా ఉన్నాయి. ఇంగ్లీషులో రాశాను కానీ ముందు తెలుగులోనే ఆలోచించి పెట్టుకున్నాను. అలా చేస్తే వాక్యం తేటగా వస్తుందని నా నమ్మకం. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు అక్కడ పని చేసుకోగలిగినంత భాష వచ్చని ఆధారం చూపాలి, అది వేరే.

సిఫారసు లేఖల దగ్గర మనవాళ్ళు బాగా ఇబ్బంది పడతారు. రాసేవాళ్ళు మన ప్రతిపాదన చదివి రాయాలి. 'ఈమె కష్టపడే మనిషి, మంచి నడవడిక కలది' అనే కాండక్ట్ సర్టిఫికెట్ మాటలు అక్కడ పనికిరావు. అందుకే పెద్ద హోదా ఉన్నవాళ్ళ వెంట పడకుండా, నా పని నిజంగా చదివినవాళ్ళనే అడిగాను. మేడమ్ ఒకరు. వీధినాటకం మీద జీవితమంతా పనిచేసిన ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ సార్ మరొకరు. ఆయనకు కంప్యూటర్ అలవాటు లేదు. చేత్తో రాసి ఇస్తే వాళ్ళ మనవరాలు టైపు చేసి, లేఖ పంపడానికి వచ్చిన ఆన్‌లైన్ లింకులో పెట్టింది. గడువు దగ్గర పడుతుంటే ఆ లింకు తెరుచుకుందో లేదోనని ఆ రెండు రోజులూ ఒకటే టెన్షన్.

సర్టిఫికెట్ల సంగతి చెప్పక తప్పదు. డిగ్రీ తేదీని బట్టే ఏడేళ్ళ లెక్క. నాకు కాన్వొకేషన్ పట్టా చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. ఫీజు కట్టిన రసీదు పట్టుకుని వెళితే ఈ సెక్షను నుంచి ఆ సెక్షనుకు తిప్పారు. పరిశోధన చేసినవాళ్ళ భవిష్యత్తు ఇలా ఫైళ్ళ మధ్య నలిగిపోవడం అన్యాయం, ఈ విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు. ఉద్యోగం విషయం ఇంకా బాధ. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జీతం లేని సెలవైనా ఇవ్వమన్నాను. కుదరదన్నారు. ఫెలోషిప్ వచ్చాక రాజీనామా చేసే వెళ్ళాను. ఇంట్లో అమ్మ చాలా భయపడింది. నాన్న మాత్రం, "ఉద్యోగం మళ్ళా దొరుకుతుంది, ఇది మళ్ళా రాదు" అన్నాడు.

వేసవి మొదట్లో మెయిల్ వచ్చింది. ఆ తరవాతి పనంతా కాగితాలే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బయటి దేశాల ఫెలోలకు జె-1 వీసా, అంటే ఎక్స్ఛేంజి మీద వచ్చేవాళ్ళకు ఇచ్చేది. లైబ్రరీ వాళ్ళు డీఎస్-2019 అనే పత్రం పంపుతారు. అది వచ్చాక ఇలా వచ్చేవాళ్ళ వివరాలు నమోదు చేసే సెవిస్ అనే అమెరికా ప్రభుత్వ వ్యవస్థకు ఫీజు, వీసా దరఖాస్తుకు డీఎస్-160 ఫారం, వీసా ఫీజు. వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు చెన్నై. మన తిరుపతి వాళ్ళకు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది కాబట్టి ప్రయాణం కష్టం కాదు. జెమినీ దగ్గర కాన్సులేట్లో ఆఫీసరు ఏం పరిశోధన అని అడిగింది. మేడమ్ చెప్పించిన ఆ మొదటి రెండు వాక్యాలే చెప్పాను, సరిపోయింది. ఆరోగ్య బీమా తప్పనిసరి, దాని ఖర్చు ముందే లెక్కేసుకోండి. వసతి మనమే వెతుక్కోవాలి. వాషింగ్టన్‌లో అద్దెలు ఎక్కువ, 5,000 డాలర్లు వినడానికి పెద్ద మొత్తమే గానీ అద్దె, బీమా, పన్ను పోయాక పొదుపుగా ఉండాలి. నేను ఇంకో ఇద్దరితో కలిసి ఉన్నాను.

లైబ్రరీలో క్లూగీ సెంటర్ ఉన్నది జెఫర్సన్ భవనంలో. 1897లో తెరిచిన కట్టడం, పైకప్పు నిండా చిత్రాలు. ఫెలోలకు సొంత బల్ల ఇస్తారు, అడిగిన పుస్తకాలు అక్కడే పెట్టుకుని చదువుకోవచ్చు. కొన్ని పుస్తకాలు మేరీలాండ్‌లో ఫోర్ట్ మీడ్ దగ్గరి గిడ్డంగుల నుంచి రావాలి, అవి ఆ రోజే అందవు. ఏషియన్ రీడింగ్ రూములో దక్షిణాసియా పుస్తకాలు చూసే లైబ్రేరియన్లు అడిగినదానికంటే ఎక్కువే వెతికిపెట్టారు. కేటలాగులో నాకు కనపడని చిన్న చిన్న పుస్తకాలను విషయాలవారీగా కలిపి మైక్రోఫిష్ మీదికి, అంటే పేజీలను బాగా చిన్నవి చేసి ఫొటో తీసిన ఫిల్ము రేకుల మీదికి, ఎక్కించారని వాళ్ళు చెబితేనే తెలిసింది. ఆ ఫిష్‌ల కోసమే నా చివరి నెలలు ఖర్చయ్యాయి.

పసుపు అట్ట నాటకం పుస్తకం రెండో వారంలోనే వచ్చింది. న్యూస్‌ప్రింట్ కాగితం, అంచులు ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. వెనక అట్ట మీద ప్రెస్సు పేరు, జట్టు పెద్ద పేరు, వెల. లోపల ద్రౌపది వస్త్రాపహరణం రాత్రి ఆటలో మా ఊళ్ళో నేను విన్న దరువులు, అంటే వేషగాళ్ళు పాడే పాటలు, ఉన్నాయి, కానీ వరస మారింది. ఆటలో సభకు రాగానే ద్రౌపది అడిగే ప్రశ్న, పుస్తకంలో దుశ్శాసనుడితో వాదం అయ్యాక వస్తుంది. జట్టు వాళ్ళు పుస్తకం కోసం వరస మార్చారా, పుస్తకం వచ్చాక ఆటలో మార్చారా? ఇప్పుడు నేను రాస్తున్న అధ్యాయం మొత్తం దీని మీదే. తిరిగొచ్చాక ఆ జట్టు వారసులను వెతుక్కుంటూ పలమనేరు వైపు వెళ్ళాను. చూసి చెప్పుకునే పాత రాతప్రతి వాళ్ళింట్లో ఉంది, అందులో వరస ఆటలో ఉన్నట్టే ఉంది. పుస్తకంలోనే మారిందన్నమాట. మార్చింది ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరా, జట్టు పెద్దా అన్నది ఇంకా తేలాలి. ప్రెస్సు పెద్దాయన తన దగ్గర కంపోజింగ్ చేసినాయన కొడుకు ఫోన్ నంబరు ఇచ్చాడు.

పెట్టుకోవాలనుకునేవాళ్ళు వేసవి సెలవుల్లోనే కేటలాగు వెతకడం మొదలుపెట్టండి, జూలైలోపు లేఖలు అడగండి. నియమాలు, మొత్తాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన మాటకు మాట చదవండి. మీ విషయం అన్నమయ్య కావచ్చు, గంగ జాతర కావచ్చు, కలంకారీ కావచ్చు, చిన్నదని వెనకాడకండి. ఆ లైబ్రరీలో దానికి సంబంధించి ఏముందో పుస్తకం పేరుతో సహా చూపగలిగితే చాలు. పాస్‌పోర్టులో, డిగ్రీ పట్టాలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి పేరు ఉంటే ఆ తేడా సరిచేయించడానికే నెలలు పడుతుంది.